భారతీయ నమోదిత సంస్థల సుస్థిరతా నివేదికలు: పరిణామ క్రమం

భారతదేశంలో స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన సంస్థలు లాభనష్టాలతో పాటు పర్యావరణ, సామాజిక విషయాలనూ వాటాదారులకు నివేదించే పద్ధతి అంచెలంచెలుగా ఏర్పడింది. దీని తొలి జాడ 1988 నాటి నిబంధనలలో కనిపిస్తుంది. డైరెక్టర్ల బోర్డు నివేదికలో ఇంధన పొదుపు వివరాలు ఉండాలని అవి నిర్దేశించాయి.

2011లో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ బాధ్యతాయుత వ్యాపారానికి తొమ్మిది సూత్రాలను స్వచ్ఛంద మార్గదర్శకాలుగా ప్రకటించింది. వాటి ఆధారంగా సెబీ 2012లో, మార్కెట్ విలువ రీత్యా మొదటి 100 సంస్థలకు వ్యాపార బాధ్యతా నివేదికను తప్పనిసరి చేసింది. ఈ పరిధి తరువాత 500కు, 2019లో 1000కి విస్తరించింది. అయితే ఆ నమూనాలో ప్రధానంగా ఉన్నవి విధానం ఉన్నదా, లేదా అన్న ప్రశ్నలే. విధానానికీ ఆచరణకూ నడుమ గల దూరాన్ని అటువంటి జవాబులు కొలవలేవు.

2021లో రూపొంది, 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి మొదటి 1000 సంస్థలకు తప్పనిసరి అయిన 'వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక' ఈ లోపాన్ని సవరించడానికి యత్నించింది. గడువుతో కూడిన లక్ష్యాలను, వాటి సాధనలో ప్రగతిని, నెరవేరకపోతే కారణాలను తెలుపమన్నది. నీటి వినియోగం, ఉద్గారాలు, వ్యర్థాల అంకెలను గత సంవత్సరపు అంకెల సరసన చూపమన్నది. 2023లో కీలక సూచికలకు స్వతంత్ర ధ్రువీకరణ నియమం చేరింది. అది మొదట 150 సంస్థలకు వర్తించింది.

లక్ష్యాలను అడిగే చోట మాత్రం 'ఉన్నట్లయితే' అన్న మాట మిగిలింది. లక్ష్యం ప్రకటించిన సంస్థ వైఫల్యానికి కారణం చెప్పాలి. ప్రకటించని సంస్థకు ఆ అవసరమే లేదు. కనుక ఈ నివేదికలను పోల్చే పరిశోధకులు నింపిన గడులతో పాటు ఖాళీగా విడిచిన గడులను కూడా ఆధారాలుగానే పరిగణించవలసి ఉంటుంది.