పార్కింగ్‌ రుసుము.. బిల్లు ఉంటే భారం కాదు

హైదరాబాద్‌: మాల్‌లో పది నిమిషాల పని ముగించుకొని వచ్చిన వాహనదారుడిని గేటు వద్ద సిబ్బంది రుసుము అడుగుతారు. వెనుక వాహనాలు బారులు తీరి ఉంటాయి. ఎందుకు చెల్లించాలో తెలియకుండానే డబ్బు ఇచ్చి బయటపడేవారు అనేకులు. స్థలం ప్రైవేటుదే అయినప్పటికీ వసూలుకు హద్దులున్నాయి. ఎంతసేపు నిలిపితే చెల్లించాలో, ఎప్పుడు అక్కర్లేదో ప్రభుత్వ ఉత్తర్వులు స్పష్టం చేస్తున్నాయి.

మూడు అంచెలు

తెలంగాణ పురపాలక శాఖ 2018 మార్చి 20న జారీ చేసిన జీవో నం.63 అదే ఏడాది ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రాంతాల్లోని మాల్స్‌, మల్టీప్లెక్స్‌లు, వాణిజ్య సముదాయాలకు ఇది వర్తిస్తుంది.

* తొలి 30 నిమిషాలు: ఏమీ కొనకపోయినా రుసుము వసూలు చేయరాదు.

* 30 నిమిషాల నుంచి గంట వరకు: ఎంత మొత్తానికైనా సరే, అక్కడ కొన్నట్లు బిల్లు చూపితే ఉచితం. బిల్లు లేకుంటే నిర్ణీత రుసుము చెల్లించాలి.

* గంట దాటితే: బిల్లు లేదా సినిమా టికెట్‌ విలువ పార్కింగ్‌ రుసుము కన్నా ఎక్కువ ఉంటే ఉచితం. లేనిపక్షంలో చెల్లించాల్సిందే.

ఉదాహరణకు గంటన్నరకు రుసుము రూ.30 అనుకుంటే, రూ.200 బిల్లు ఉన్నవారు చెల్లించనవసరం లేదు. రూ.20 టీ బిల్లుతో మినహాయింపు రాదు. అదే టీ బిల్లు గంటలోపైతే సరిపోతుంది.

ఒకే తెర గల సినిమా హాళ్లు పార్కింగ్‌ రుసుము వసూలు చేసుకునేందుకు తెలంగాణ ప్రభుత్వం 2021 జులైలో అనుమతించింది. మల్టీప్లెక్స్‌లకు ఆ వెసులుబాటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఏప్రిల్‌ 1 నుంచి మాల్స్‌, మల్టీప్లెక్స్‌లలో ఇదే తరహా విధానం అమల్లోకి వచ్చింది.

అపరాధ రుసుము సంగతి

గడువు మీరితే ఇంత, టోకెన్‌ పోతే ఇంత అని కొన్నిచోట్ల బోర్డులు కనిపిస్తాయి. ఇది కేవలం ఒప్పందపు సొమ్ము. పోలీసు, రవాణా అధికారుల మాదిరిగా చలానా విధించే అధికారం ప్రైవేటు సిబ్బందికి లేదు. భారత కాంట్రాక్టు చట్టం-1872లోని 74వ సెక్షన్‌ ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా దానికి మించకుండా సమంజసమైన పరిహారాన్నే న్యాయస్థానం ఇప్పిస్తుంది.

వాహనం పోతే..

‘వాహన భద్రతకు యజమానిదే బాధ్యత’ అని రసీదుపై అచ్చువేసినంత మాత్రాన నిర్వాహకులు చేతులు దులుపుకోలేరు. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్‌ హోటల్లో ఒక అతిథి సిబ్బందికి తాళం అప్పగించి లోపలికి వెళ్లగా, తిరిగి వచ్చేసరికి కారు చోరీకి గురైంది. ఈ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు హోటల్‌నే బాధ్యురాలిగా తేల్చింది. తాళం అప్పగించాక వాహనాన్ని జాగ్రత్తగా కాపాడి తిరిగి ఇవ్వాల్సింది హోటలేనని, తన నిర్లక్ష్యాన్ని రసీదుపై షరతుతో కప్పిపుచ్చుకోజాలదని పేర్కొంది. తాళం ఇవ్వకుండా యజమానే స్వయంగా నిలిపిన సందర్భాలకు ఈ తీర్పు యథాతథంగా వర్తించదు.

ఫిర్యాదు ఎవరికి?

అదనంగా వసూలు చేస్తే స్థానిక మున్సిపల్‌ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ నంబరు 1915. అప్పటికీ పరిష్కారం దొరక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోగా ఆశ్రయించాలి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు దాఖలు చేసుకోవచ్చు. రాజధానికి వెళ్లి మోసపోయిన జిల్లావాసి మళ్లీ అక్కడికి తిరగనవసరం లేదు. చెల్లించిన సొమ్ము విలువ రూ.5 లక్షల లోపైతే దాఖలు రుసుము ఉండదు.

ఇవి మరవొద్దు

* లోపలికి వెళ్లిన సమయం టోకెన్‌పై ఉందో లేదో చూసుకోవాలి.

* కొనుగోలు బిల్లును గేటు దాటేవరకు దాచుకోవాలి.

* సొమ్ము చెల్లించాల్సి వస్తే రసీదు తప్పక తీసుకోవాలి. అది లేకుంటే ఫిర్యాదుకు ఆధారం ఉండదు.