మిస్సమ్మ అసూయ ఎవరికి కావాలి?

జమ్మలమడుగులో ‘మిస్సమ్మ’ అనేది సినిమా పేరు కాకముందే ఉన్న మాట. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు పనిచేసిన ఊరు, క్యాంబెల్ ఆసుపత్రి ఉన్న ఊరు కదా. పెళ్లి మాటెత్తకుండా, సొంత జీతంతో, గొడుగేసుకుని ఒక్కతే నడిచిపోయే ఆడమనిషిని మా జేజి తరం అలా పిలిచేది. అందులో మర్యాద కొంత, ‘పాపం, ఎవురూ లేరు’ అనే జాలి కొంత.

మా పెద్దమ్మ క్రైస్తవురాలు కాదు. అయినా అక్కడ టీచరుగా చేరిన ఏడాదికే ఆమె కూడా మిస్సమ్మ అయిపోయింది. పులివెందుల దగ్గరి పల్లె నుంచి మద్రాసుకు వెళ్లి ట్రైనింగ్ చేసింది. 1953 దాకా మా జిల్లాకు రాజధాని మద్రాసే. ఎర్రగుంట్లలో రైలెక్కితే అక్కడే దిగడం. 1955 సంక్రాంతికి విడుదలైన తమిళ ‘మిస్సియమ్మ’ను అక్కడే చూసింది. తెలుగులో చూసింది ఆ తర్వాతే.

ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో రెండు భాషల్లోనూ తీసిన నాగిరెడ్డి మా కడప జిల్లా మనిషే. ఎర్రగడ్డల ఎగుమతి వ్యాపారం చేసిన కుటుంబం. అన్న బి.ఎన్.రెడ్డి పుట్టిన కొత్తపల్లి పులివెందుల తాలూకాలోది. బి.ఎన్. ‘స్వర్గసీమ’ (1945)లో భర్త నటి వెంట పోతే ఇల్లాలు ఓర్చుకుంటుంది. ఓర్పే ఆమె గొప్ప. పదేళ్లకు తమ్ముడి సినిమాలో నాయిక ఓర్చుకోదు, ఉడుక్కుంటుంది. ఇది ముందడుగే అని చాలాకాలం అనుకున్నాను.

ఇప్పుడంత నమ్మకం లేదు. మేరీ బి.ఏ. చదివింది. ఇంటికి అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి చేసుకోమని వెంటపడుతున్నాడు. బడిలో ఉద్యోగం ఉంది గానీ భార్యాభర్తలకే. అందుకే ఎం.టి.రావుతో దొంగ కాపురం. రవీంద్రనాథ్ మైత్రా బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ నుంచి వచ్చిన ఈ ఇతివృత్తానికి మూలం ఆకలి. చదువుకున్న ఆడది జీతం తెచ్చుకోవాలంటే ముందు ఎవరికో భార్యనని చూపించుకోవాలి. మనం దీన్ని డెబ్బై ఏళ్లుగా హాస్యమని నవ్వుతున్నాం.

రావు సీతకు సంగీతం చెబుతుంటే మేరీకి మంట మొదలవుతుంది. ఆ క్షణం నుంచి కథ మారిపోతుంది. ఉద్యోగం, అప్పు, డేవిడ్ వెనక్కి పోతారు. ఈమె నిజంగా భార్య కావలసిందేనన్న సాక్ష్యం అసూయ ఇస్తుంది. మతం అడ్డం మిగిలితే అదీ తీరుస్తారు: ఆమె మేరీ కాదు, జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. క్రైస్తవ టీచరమ్మను ఎవరూ వెళ్లగొట్టరు, అసలు లేకుండా చేస్తారు. జమ్మలమడుగు మిస్సమ్మలు ఆ ముగింపు చూసి ఏమనుకున్నారో అడగాల్సిన కాలంలో ఎవరూ అడగలేదు.

(మేరీ పాత్ర మొదట భానుమతిది. వరలక్ష్మీ వ్రతం వల్ల సెట్‌కు ఆలస్యమై, చక్రపాణితో గొడవై పాత్ర చేజారిందని అంటారు. క్రైస్తవ పిల్ల వేషం వ్రతం వల్ల పోవడం!)

తమిళంలో రావు పాత్రను జెమినీ గణేశన్ వేశాడు. సావిత్రి, అతనూ 1952లోనే పెళ్లి చేసుకుని కొన్నేళ్లు గుట్టుగా ఉంచారు. అతనికి అప్పటికే అలమేలు అనే భార్య ఉంది. తెర మీద పెళ్లి కాకుండానే అయినట్టు, తెర బయట అయి కూడా కానట్టు. అలమేలు అసూయను ఎవరూ సినిమా తీయలేదు. అది నవ్వు పుట్టించేది కాదు మరి.

మా పెద్దమ్మను ఉద్యోగంలోకి తీసుకున్న పెద్దమనిషి, “పెండ్లయితే మానేస్తావా, మొగునితో గూడా వస్తావా?” అని అడిగాడట. మానలేదు, మొగుడూ రాలేదు. రిటైరై ప్రొద్దుటూరులో చిన్న ఇల్లు కట్టుకుంది. ఓ ఆదివారం టీవీలో ‘మిస్సమ్మ’ వస్తుంటే ఇద్దరం చూశాం. పుట్టుమచ్చతో కూతుర్ని గుర్తుపట్టి అందరూ కళ్లు తుడుచుకుంటుంటే ఆమె చాటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తింది.

“సరేగానీ, ఆ ఇస్కూలుకు మళ్లీ పంతులమ్మగా ఎవుర్ని పెట్టుకున్యారే?” అంది.