ఎంబీఏ ప్రవేశ పరీక్షల సన్నద్ధత (అనంతపురం ప్రాంతం)

అనంతపురం పీఠభూమిలో ఎంబీఏ ప్రవేశ పరీక్షకు తయారవడమంటే చాలామంది దృష్టిలో ఐసెట్‌కు తయారవడమే. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయ, ప్రైవేటు కళాశాలల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు ఇది దారి. ఐఐఎంలలో చేరడానికి రాసే క్యాట్ రెండో పరీక్ష. దాన్ని రాసేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ కొద్దిమందే. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు అన్న మూడు మెట్లు రెండు పరీక్షల్లోనూ ఉన్నా, వాటి కోసం చేసే కృషి, పెట్టే ఖర్చు, తిరిగే దూరం పూర్తిగా వేరు. ఈ ప్రాంతంలో ఈ చదువు చరిత్రను సిలబస్ మార్పులకన్నా ఫీజు, ఇంగ్లీషు, దూరం ఎక్కువగా నడిపాయి.

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ నేల మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ నమ్మకంగా రాదు. పాత అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. రెండింటా దశాబ్దాలుగా ప్రధాన పంట వర్షాధార వేరుశనగే. జూన్, జూలైల్లో విత్తి అక్టోబరు, నవంబరుల్లో పెరుకుతారు. ఐసెట్ సాధారణంగా మే నెలలో వస్తుంది. కౌన్సెలింగ్ చాలా ఏళ్లు ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య సాగింది. క్యాట్ దరఖాస్తులకు గడువు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉంటుంది. సీటుకో, దరఖాస్తుకో డబ్బు కావలసిన రోజుల్లో పంట ఇంకా నేలలోనే ఉంటుందన్నమాట. రైతు ఇంటి విద్యార్థి సన్నద్ధతకు పుస్తకాలతో పాటు అప్పు కూడా ఒక భాగమైంది ఇందుకే.

చదువుల పునాది

ఉన్నత విద్య ఈ ఊరికి ఆలస్యంగా వచ్చిందనలేం. దత్తమండలాల కళాశాల 1916లో అనంతపురంలో మొదలైంది. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. 1946లో మద్రాసులోని గిండీలో ప్రారంభమైన ఇంజినీరింగ్ కళాశాల 1948లో ఇక్కడికి తరలివచ్చింది. అది 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008లో జేఎన్‌టీయూ అనంతపురం అనే ప్రత్యేక విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1968లో ఇక్కడ పెట్టిన పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. దాని మేనేజ్‌మెంట్ సంస్థ ఈ ప్రాంతపు విద్యార్థులకు తక్కువ ఖర్చుతో ఎంబీఏ చదివే అవకాశమిచ్చింది. జిల్లా అబ్బాయిలు, అమ్మాయిలు ఐసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని మొదట అడిగిన సీటు చాలాకాలం ఇదే.

మేనేజ్‌మెంట్ చదువు మాత్రం దూరాన మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ ప్రారంభించింది. కలకత్తా, అహ్మదాబాదు ఐఐఎంలు 1961లో, బెంగళూరు ఐఐఎం 1973లో వచ్చాయి. వీటిలో బెంగళూరుది అనంతపురానికి సుమారు 200 కిలోమీటర్ల దూరం, అప్పటి రాజధాని హైదరాబాదుకన్నా దగ్గర. అయినా ఆ రోజుల్లో ఇక్కడి డిగ్రీ కళాశాలల్లో దాని మాట వినిపించేది తక్కువ. తెలుగు మాధ్యమంలో బీఏ, బీకాం చదివినవాళ్లకు అది తమది కాని లోకంలా కనిపించింది.

పుట్టపర్తి దారి

ఇక్కడే ఒక మినహాయింపు ఉంది, దాన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. సత్యసాయి ఉన్నత విద్యాసంస్థకు 1981లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. అనంతపురంలో 1968లో పెట్టిన మహిళా కళాశాల అందులో ఒక ప్రాంగణమైంది. 1986లో పుట్టపర్తి ప్రాంగణంలో మేనేజ్‌మెంట్ విభాగం ఏర్పడింది. ట్యూషన్ ఫీజు లేదు. ప్రవేశానికి ఆ సంస్థే సొంతంగా రాతపరీక్ష, ఇంటర్వ్యూ జరుపుతుంది. హాస్టల్ క్రమశిక్షణకు ఒప్పుకోవాలి. దేశం నలుమూలల నుంచి విద్యార్థులు దరఖాస్తు చేస్తారు కాబట్టి పోటీ గట్టిదే.

కరవు జిల్లా నడిబొడ్డున, ఫీజు అడగని ఎంబీఏ ఉండడం చిన్న సంగతి కాదు. చుట్టుపక్కల మండలాల పిల్లల్లో దాన్ని అందుకున్నవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా పెరగలేదనే నా అభిప్రాయం. ఇంగ్లీషులో జరిగే పరీక్ష, ఇంగ్లీషులో సాగే ఇంటర్వ్యూ ఆ పిల్లలకు మొదటి అడ్డు. డబ్బు అడ్డు తొలగినా భాష అడ్డు నిలిచే ఉంటుందనడానికి ఈ ప్రాంతంలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

బ్యాంకు కోచింగు నీడలో

అనంతపురంలో ఐసెట్ సన్నద్ధత విడిగా పుట్టలేదు. బ్యాంకు పరీక్షల చదువుకు అనుబంధంగా పెరిగింది. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక, ఆ తర్వాత గ్రామీణ బ్యాంకులు వచ్చాక, గుమస్తా ఉద్యోగం రాయలసీమ యువకుడికి పెద్ద ఆశ. అనంతపురం కేంద్రంగా నడిచిన శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో మరి రెండింటితో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. ఆ ఉద్యోగాల కోసం శాతాలు, లాభనష్టాలు, కాలం-పని, రైళ్ల లెక్కలు బట్టీపట్టినవాడికి ఐసెట్ సిలబస్‌లో సగం ముందే వచ్చేసినట్టు. బ్యాంకు కోచింగులకు పేరుపడిన నంద్యాలకు ఇక్కడి నుంచి వెళ్లి గదులు అద్దెకు తీసుకుని చదివినవాళ్లలో చాలామంది, ఉద్యోగం రాకపోతే ఉంటుందని ఐసెట్ కూడా రాసేవాళ్లు. ఎంబీఏ రెండో ఎంపిక. ఈ వరుస ఇప్పటికీ పెద్దగా మారలేదు.

చేతిలో ఉండే పుస్తకాలు కూడా రెండింటికీ ఒకటే. లెక్కలకు ఆర్.ఎస్. అగర్వాల్, ఇంగ్లీషు మాటలకు నార్మన్ లూయిస్, బజార్లో దొరికే ఐసెట్ గైడు, ప్రీవియస్ పేపర్ల కట్ట, పత్రికల విద్యా పేజీల కత్తిరింపులు. ఈనాడు ‘ప్రతిభ’, సాక్షి ‘భవిత’ పేజీలు కోచింగుకు వెళ్లలేని విద్యార్థికి గురువుల పని చేశాయి. గ్రంథాలయంలో పేపరు వచ్చే వేళకు వెళ్లి బిట్లు నోట్‌బుక్కులో ఎక్కించుకునే అలవాటు సెల్‌ఫోన్ వచ్చేదాకా సాగింది.

ఐసెట్

ఉమ్మడి ప్రవేశ పరీక్షలకు చట్టపరమైన ఆధారం 1983లో రాష్ట్రం చేసిన విద్యాసంస్థల ప్రవేశాల నియంత్రణ చట్టం. 1988లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఏర్పడి ఈ పరీక్షలను విశ్వవిద్యాలయాలకు అప్పగిస్తూ వచ్చింది. ఎంబీఏ, ఎంసీఏలకు కలిపి పెట్టిన ఐసెట్‌ను రాష్ట్ర విభజనకు ముందటి ఏళ్లలో వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం నిర్వహించింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల చేతుల్లోకి వచ్చింది. 2023, 2024 సంవత్సరాల్లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి దక్కింది. పరీక్ష రాయడానికే కాదు, రాయించడానికి కూడా అనంతపురం కేంద్రమైన ఏళ్లు అవి. 2025లో నిర్వహణ తిరిగి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లింది.

పరీక్ష 200 మార్కులకు. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఇప్పటి పద్ధతిలో విశ్లేషణ సామర్థ్యానికి 75, ఇంగ్లీషుకు 70, లెక్కలకు 55. తప్పుకు మార్కు కోత లేదు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీసం కూడా లేదు. విశ్లేషణ, లెక్కల ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఇస్తారు.

డిగ్రీదాకా లెక్కలు చదివినవాళ్లను కూడా తికమకపెట్టేవి దత్తాంశ పర్యాప్తతకు చెందిన 20 ప్రశ్నలు. ఒక నమూనా చూడండి. ‘ఎక్స్ విలువ ఎంత?’ అని అడుగుతారు. మొదటి వాక్యం: ఎక్స్ వర్గం 9. రెండో వాక్యం: ఎక్స్ సున్నా కన్నా పెద్దది. మొదటిదాన్ని బట్టి ఎక్స్ 3 కావచ్చు, మైనస్ 3 కావచ్చు. రెండోది ఒక్కటే ఉంటే ఏదీ తేలదు. రెండూ కలిస్తేనే 3 అని ఖాయం. అడిగింది మాత్రం ఎక్స్ విలువ కాదు. ఏ వాక్యం సరిపోతుంది, ఏది సరిపోదు అన్నది. బడిలో, కళాశాలలో పదిహేనేళ్లు జవాబు రాబట్టడం నేర్చుకున్న విద్యార్థి ఇక్కడ జవాబు దగ్గర ఆగకుండా ఒక అడుగు వెనక్కి వేయాలి. నెల రోజులు రోజుకు పది చొప్పున చేస్తే ఈ విభాగం పట్టుబడుతుంది. కోచింగు లేకుండా గైడుతోనే నెగ్గగలిగే భాగం ఇదేనని గట్టిగా చెప్పవచ్చు. ఇంగ్లీషు విభాగానికి అలాంటి దగ్గరి దారి లేదు.

ర్యాంకు వచ్చాక స్థానికత ముందుకు వస్తుంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అనంతపురం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది. రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిసిన ఈ పరిధిలో 85 శాతం సీట్లు స్థానికులకే. దీనివల్ల ఇక్కడి విద్యార్థి పోటీ కోస్తా విద్యార్థులతో కన్నా పక్క జిల్లాలవాళ్లతోనే ఎక్కువ.

ఫీజు రీయింబర్స్‌మెంటు తర్వాత

1990ల చివరి నుంచి ప్రైవేటు ఎంబీఏ కళాశాలలు పెరిగాయి. 2008 నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించాక ఆ పెరుగుదల మరింత వేగమందుకుంది. కరవు మండలాల్లో డిగ్రీ ముగించి కూలికో, బెంగళూరు సెక్యూరిటీ ఉద్యోగానికో వెళ్లాల్సిన వందలాది మంది రెండేళ్లు ఎంబీఏ చదివారు. ఆ ఇళ్లలో పీజీ పట్టా అందుకున్న మొదటి తరం ఇది. దీని విలువను తక్కువ చేయకూడదు.

పరీక్ష మీద రీయింబర్స్‌మెంటు ప్రభావం ఇంకో రకంగా పడింది. సీట్లు మిగిలిపోయే పరిస్థితి వచ్చాక అర్హత మార్కు ఉంటే ఎక్కడో ఒకచోట సీటు దొరికేది. ర్యాంకు కోసం ఆరు నెలలు కూర్చోవలసిన అవసరం తగ్గింది. ఐసెట్ సన్నద్ధత మార్చి, ఏప్రిల్ నెలల వేసవి పనిగా కుదించుకుపోయింది. మంచి కళాశాలకూ మామూలు కళాశాలకూ తేడా తెలిసినవాళ్లే పట్టుగా చదివారు. ఆ తేడా చెప్పేవాళ్లు పల్లెల్లో తక్కువ. 2020లో ప్రభుత్వం జీవో 77 ద్వారా ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. ఆ జీవోను రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్లతరబడి కోరాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సీటుకు ర్యాంకు విలువ మళ్లీ పెరిగింది.

క్యాట్ రాసినవాళ్లు

ఐఐఎం మీద మనసుపెట్టిన అనంతపురం విద్యార్థికి 1990ల్లో రెండు మార్గాలుండేవి. హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లి ఉండి చదవడం ఒకటి. పోస్టులో మెటీరియల్ తెప్పించుకోవడం మరొకటి. ముంబయిలో ఐఎంఎస్ కోచింగు సంస్థ అప్పటికే ఉంది. 1992లో హైదరాబాదులో టైమ్ సంస్థ మొదలైంది. పరీక్ష రాయడానికీ నగరానికే పోవాలి. 2003 నవంబరులో ప్రశ్నపత్రం బయటికి పొక్కడంతో పరీక్ష రద్దయి, 2004 ఫిబ్రవరిలో మళ్లీ జరిగింది. బస్సు చార్జీలు కూడబెట్టుకుని వచ్చినవాళ్లు రెండోసారి ప్రయాణం కట్టారు. 2009లో పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. తొలి రోజుల్లో సాంకేతిక ఇబ్బందులు తలెత్తాయి. ఇంటర్నెట్ కేంద్రంలో తప్ప మౌస్ పట్టని విద్యార్థికి అది అదనపు బెరుకు.

ఈ పరీక్ష లక్షణం ఐసెట్‌కు భిన్నం. 2020 నుంచి రెండు గంటలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. సరైన జవాబుకు మూడు మార్కులు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు చేస్తే ఒకటి పోతుంది. వ్యాసాలు చదివి అర్థం చేసుకునే విభాగమే ఇక్కడివాళ్లకు కష్టం. దానికి ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివే అలవాటు కావాలి. దరఖాస్తు రుసుములోనూ అంతరం ఉంది. 2024లో ఐసెట్‌కు ఓసీలు 650, బీసీలు 600, ఎస్సీ, ఎస్టీలు 550 రూపాయలు చెల్లించారు. అదే ఏడాది క్యాట్‌కు 2,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,250. బీసీలకు తగ్గింపు లేదు. కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్‌ను 2008లో సుప్రీంకోర్టు సమర్థించినా, దాన్ని ఉపయోగించుకోవాల్సిన బీసీ రైతు బిడ్డ పరీక్ష గుమ్మం దగ్గర పూర్తి రుసుము కట్టాలి. ఇది సరిదిద్దవలసిన విషయం.

2015లో బెంగళూరు ఐఐఎం మార్గదర్శకత్వంలో విశాఖపట్నం ఐఐఎం మొదలవడంతో ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఐఐఎం వచ్చింది. 2016లో జియో రాకతో మొబైల్ డేటా చవకైంది. లెక్కల పాఠాలు, మాక్ టెస్టులు ఉరవకొండలోనో, కదిరిలోనో కూర్చున్న విద్యార్థి ఫోనులోకి వచ్చాయి. కొవిడ్ ఏడాది ఐసెట్ సెప్టెంబరుకు వాయిదా పడినప్పుడు చాలామందికి అదే తరగతి గది. ఇక ఇంగ్లీషు విషయానికొస్తే, 2021లో డిగ్రీ కళాశాలలన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని రాష్ట్రం నిర్ణయించింది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక జిల్లాలో మేనేజ్‌మెంట్ పట్టాకు పక్కనే ఒక గిరాకీ కనిపించింది. ఈ నేలతో ముడిపడిన మరో పేరు మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ స్వగ్రామం యల్లనూరు మండలంలోని బుక్కాపురం. నాదెళ్ల పుట్టింది హైదరాబాదులో అయినా, మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ 1997లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి ఎంబీఏ పొందడం ఇక్కడి కోచింగు తరగతుల్లో తరచూ వినబడే మాట.