కొల్లేటి గాలికి కాంటూరు లేదు

కొల్లేరు సరస్సును కాపాడాలని గీసిన గీతలన్నీ నీటిని బట్టి గీసినవే. 1999లో అభయారణ్యం చేసినప్పుడు హద్దు అయిదో కాంటూరు, అంటే సమాన ఎత్తు గీత. 2002లో రామ్‌సర్ గుర్తింపు చిత్తడి నేలకు. 2006లో కొట్టేసింది చేపల చెరువుల గట్లను. గాలి ఊసు ఆలస్యంగా వచ్చింది, అదీ ఊరి దారిన: 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఏలూరు చేరింది. అక్కడ లెక్క ప్రధానంగా దుమ్ముది.

బుడమేరు, తమ్మిలేరు దిగే పల్లం, గాలి ఆడే బయలు, ఇక్కడ కొలవడానికేముంది అనవచ్చు. కోళ్ల పెంట వేసిన చెరువు గట్టు మీద తెల్లవారుజామున నిలబడితే ముక్కే జవాబు చెబుతుంది. ఆ ఘాటు అమ్మోనియాది. 2009 జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో దానికి 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు. మొక్కలకు, నాచుకు హాని అంతకు చాలా తక్కువలోనే మొదలవుతుంది. గాలిలోని నత్రజని మళ్లీ నీటిలోకి దిగి గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. కాలవల మురుగే అంతకన్నా ఎక్కువ తెస్తుందంటారు. కావచ్చు, కానీ నీటి లెక్క పక్కన గాలి లెక్క లేనిదే ఏది ఎంతో తేలదు. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర గాలిలో అమ్మోనియాను కొలిచే ఒక యంత్రం, ఉప్పుటేరు మొదట్లో మరొకటి ఏడాది పొడవునా నడవాలి.