గరాజ్‌లో కొలిమి, కోనసముద్రంలో ఉక్కు

కత్తులు చెయ్యడం మన ఇళ్ళల్లోకి ఈమధ్య వచ్చిన సరదా. 2015లో హిస్టరీ ఛానల్ వారు ‘ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్’ అనే పోటీ మొదలుపెట్టాక, శాన్ రామన్, డబ్లిన్, డాన్‌విల్ పరిసరాల్లో మనవాళ్ళ పిల్లలు కొందరికీ, పిల్లల కంటే ముందు కొందరు తండ్రులకూ ఈ పిచ్చి పట్టుకుంది. కారు వీధిలోకి వెళ్ళింది, బల్లా వైసూ గరాజ్‌లోకి వచ్చాయి. ఏయే పనిముట్లు కొనాలి అని అడుగుతున్నారు. ఆ జవాబు ఈ వ్యాసంలో వుంది. అయితే ఏ కత్తి దుకాణంలో చూసినా ‘డమాస్కస్’ అన్న పేరు మెరుస్తూ వుంటుంది గదా, ఆ పేరు వెనక వున్న ఉక్కులో ఎంతో భాగం మన తెలుగు పల్లెల్లో కరిగినదని ఆ పిల్లలకు చెప్పేవారు లేరు. అందుకని రెండూ కలిపి రాస్తున్నాం.

ముందు మన ఊరి కమ్మరి దగ్గర ఏముండేవో చూద్దాం. చెట్టు కిందో చిన్న పాకలోనో కొలిమి. దానికి తోలు తిత్తి. మొద్దులో దిగగొట్టిన దాగలి. ఆయన చేతిలో సుత్తి, ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో సమ్మెట. రెండు మూడు రకాల నోళ్ళున్న పట్టకార్లు, కాలిన ఇనుమును నరకడానికి ఉలి, రుద్దడానికి ఆకురాయి, నీళ్ళ తొట్టి, పదును పెట్టే సానరాయి. అంతే. వీటితోనే నాగటి కర్రూ, కొడవలీ, గొడ్డలీ, బండికట్టూ, మన అమ్మమ్మల కత్తిపీటా (తెలంగాణలో ఈలపీట అంటారు) తయారయ్యేవి. తక్కిన వృత్తులవారు పనిముట్టు కోసం కమ్మరి దగ్గరకు రావలసిందే. వడ్రంగి ఉలికి వస్తాడు, రైతు కర్రుకు వస్తాడు, మంగలి కత్తికి వస్తాడు. కమ్మరి మాత్రం తన పట్టకారు తానే చేసుకుంటాడు. ఈ మాట మన కొత్త కత్తిపనివారు గుర్తుంచుకుంటే డబ్బు చాలా మిగులుతుంది.

ఇక గరాజ్ సంగతి. మొదటి కత్తికి కొలిమిలో కొట్టి సాగదీసే పని పెట్టుకోకపోవడమే మేలు. పలకగా దొరికే ఉక్కు కొని, అక్కరలేని భాగం తీసివేస్తే కత్తి మిగులుతుంది. 1084 అనే రకం మొదటిసారికి మంచిది. దానిలో వందకు సుమారు 0.84 పాళ్ళు కర్బనం వుంటుంది, కొంచెం తప్పు చేసినా ఓర్చుకుంటుంది. ఇనుము కోసే చేతి రంపం ఒకటి, గట్టి వైస్ ఒకటి, రెండు మూడు క్లాంపులు, పిడి మేకులకు బెజ్జాలు వేసే డ్రిల్లు, రకరకాల గరుకులో ఉప్పుకాగితం, కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు. వీటన్నిటికంటే ముఖ్యం ఆకురాళ్ళు. డబ్బు మిగిల్చేది తక్కినవాటిలో మిగల్చండి గాని ఆకురాయి మాత్రం మంచిది కొనండి. మోటారు బెల్టు గ్రైండరు వెంటనే కొనాలన్న తొందర వద్దు. అది ఒక్క క్షణంలో తప్పు చేస్తుంది. ఆకురాయి అదే తప్పు చెయ్యడానికి గంట తీసుకుంటుంది, ఈలోగా మనకు తెలివి వస్తుంది.

ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి, లేకపోతే పళ్ళు మొద్దుబారిపోతాయి. పళ్ళ సందుల్లో రజను ఇరుక్కుంటే తీగ బ్రష్షుతో దులపాలి. ముందుగా సుద్దముక్క రాస్తే అంతగా ఇరుక్కోదు. అంచును ఇప్పుడే పలచన చెయ్యకూడదు. ఒక డైమ్ నాణెమంత మందం వుంచి ఆపాలి, లేకపోతే కాల్చినప్పుడు అంచు వంకరపోతుంది.

కాల్చడంలో అయస్కాంతం గురువు. ఉక్కు ఎర్రబడుతూ సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీలు దాటగానే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంతకంటే మరికాస్త ఎరుపెక్కనిచ్చి, గోరువెచ్చని నూనెలో ముంచాలి. (మన వంటింటి కనోలా నూనె చాలు. ఇల్లాలి అనుమతితోనే అని మనవి.) చల్లారాక మళ్ళీ ఆకురాయి తీసుకుని అంచు మీద మెల్లగా నడపండి. అది కొరకకుండా గాజు మీద జారినట్టు జారితే ఉక్కు గట్టిపడ్డట్టు. ఈ దశలో కత్తి కిందపడితే పింగాణీ గిన్నెలా పగులుతుంది. అందుకే వెంటనే వంటింటి ఓవెన్‌లో 400 ఫారెన్‌హైట్ డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు వుంచుతారు. పైన ఎండుగడ్డి రంగు తేలుతుంది. కత్తి కొంత మొండితనం వదులుకుని కొంత ఓర్పు తెచ్చుకుంటుంది.

దీనికి తెలుగులో మంచి మాట వుంది, పదును. కత్తి అంచుకు పదును అంటాం, కాల్చి ముంచడాన్నీ పదును పెట్టడమే అంటాం, వాన పడ్డాక నేల విత్తనానికి తగినట్టుగా వున్నప్పుడు ‘పదునైంది’ అంటాం. మూడింటిలోనూ మనిషి చూసి, పట్టి, ఇంత చాలు అని తేల్చుకోవాలి. రైతు పిడికెడు మట్టి పిసికి చూస్తాడు, కమ్మరి కాలిన ఇనుము రంగు చూస్తాడు. కొలిమి నీడలో ఎందుకుంటుందో మాకు పనిలో దిగేదాకా తోచలేదు. ఎండలో ఎరుపు కనపడదు మరి. శాన్ రామన్ ఎండాకాలంలో గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉక్కు కాల్చేవారికి ఇది బాగా పనికివచ్చే సంగతి.

ఇప్పుడు కోనసముద్రం. నిజామాబాద్ జిల్లా కమ్మరపల్లి మండలంలోని ఊరు అది. ఆ చుట్టుపక్కల ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇనుము తీసి ఉక్కు చేసిన చిట్టెపు కుప్పలు ఇప్పటికీ కనపడతాయి. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ వారు కలిసి వీటిని ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఆ దారిన 1667 ప్రాంతంలో వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులూ బాకులూ బల్లేలూ చేసి దేశమంతటికీ అమ్ముతారని రాశాడు. ఆయన కాలంవాడే అయిన తవెర్నియే, అలల చారలు తేలే కత్తులకు పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి పర్షియాకు వస్తుందన్నాడు. చిన్న రొట్టెలంత ముద్దలుగా వచ్చేదట, ఒక్క ముద్దను రెండు చేస్తే ఒక్కో సగం ఒక్కో కత్తి అయ్యేదట.

ఆ ముద్ద ఎలా తయారయ్యేదో రాసినవాడు డాక్టర్ హెన్రీ వాయిసీ. లాంబ్టన్ దొర నడిపిన భూసర్వేలో వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ. ఆయన 1824లో చనిపోయాడు. వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోనసముద్రంలో రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుమును మూడుపాళ్ళకు రెండుపాళ్ళుగా ముక్కలు చేసి, కొంచెం గాజుతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత వేసి, తిత్తులతో ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. మూస పగలగొడితే లోపల ఉక్కుముద్ద. దాన్ని మళ్ళీ మట్టి పూసి, మెత్తబడేదాకా మళ్ళీమళ్ళీ కాల్చేవారు. అక్కడ ఆయనకు ఇస్ఫహాన్ నుంచి సరుకు కోసం వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు కనిపించాడు. పోయిన ఏడే ఒకసారి వచ్చి కొనుక్కుపోయిన మనిషి. తమ దేశంలో ఈ ఉక్కు చెయ్యాలని ప్రయత్నించారు గాని కుదరలేదని ఆయనే చెప్పాడు. వర్తకుడి పేరు మనకు మిగిలింది. మూస దించిన కమ్మరి పేరు మిగలలేదు.

1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు మీద వ్యాసం సమర్పించాడు, ‘వూట్జ్’ అనే పేరుతో. ఆ పేరు మన ‘ఉక్కు’ మాట నుంచి, లేదా కన్నడంలోని అదే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. కత్తుల వ్యాపారి జేమ్స్ స్టోడార్ట్, కమ్మరి కొడుకైన మైకేల్ ఫెరడే కలిసి 1820 ప్రాంతంలో దాని గుట్టు విప్పాలని చూశారు. చాలామంది ఐరోపా కమ్మరులకు మాత్రం అది లొంగలేదు. తమ ఇనుమును తెల్లగా మెరిసేటంత కాల్చి కొట్టడం వాళ్ళ అలవాటు. ఈ ఉక్కులో కర్బనం వందకు ఒకటిన్నర పాళ్ళ దాకా వుంటుంది. అంత వేడిలో కొడితే సమ్మెట కింద బెల్లపు గడ్డలా చిట్లిపోతుంది. ఎరుపు దాటకుండా, ఓపికగా, మళ్ళీమళ్ళీ కాలుస్తూ కొట్టాలి. వాళ్ళ సుత్తి మన సుత్తి లాంటిదే, దాగలి మనదానికంటే పెద్దది. తేడా అంతా ఎరుపును గుర్తుపట్టే కంటిలో వుంది.

ఈ కథ మిగతా భాగం మన ఇంటి పక్కనే జరిగింది. స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ 1970లలో కర్బనం బాగా ఎక్కువున్న ఉక్కుల మీద పనిచేస్తుంటే, ఇది పాత డమాస్కస్ ఉక్కు లాగానే వుందే అని వినేవారిలో ఒకరు అన్నారట. దాని మీద వాళ్ళిద్దరూ 1985 ఫిబ్రవరి సైంటిఫిక్ అమెరికన్‌లో రాశారు. వాడ్స్‌వర్త్ 1990లలో లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో వున్నారు. మనలో ఎందరో రోజూ కారులో దాటిపోయే ఊరు. బర్క్‌లీలో థెల్మా లోవ్ ఈ దక్కను మూసలనే పరీక్షించి, మట్టిలో కలిపిన వడ్లపొట్టు కాలి మూసకు ఎంత బలమిస్తుందో చూపించారు. వడ్లపొట్టు! మన కళ్ళాల్లో గాలికి ఎగిరిపోయే ఊక. ఫ్లోరిడాలో ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తిపనివాడు, అయోవా ఆచార్యుడు జాన్ వెర్హూవెన్‌తో కలిసి, ఖనిజంలో లేశమాత్రంగా వుండే వెనేడియం వంటి లోహాల వల్లే ఆ అలల చారలు కట్టుగా ఏర్పడతాయని 1998లో ప్రకటించాడు. పెండ్రే పట్టా పుచ్చుకున్న శాస్త్రజ్ఞుడు కాడు. సుత్తి పట్టి మళ్ళీమళ్ళీ చేసి చూసిన మనిషి.

కోనసముద్రం కొలిమి ఎందుకు ఆరిపోయింది? 1856 తరువాత బెస్సెమర్ పద్ధతి ఉక్కు చవకగా ఓడలకెత్తింది. కత్తి స్థానంలో తుపాకి వచ్చింది. బొగ్గుకు అడవి కరువైంది. ఇవన్నీ నిజమే. మాకు ఇంకొకటి తోస్తుంది. కావ్యాలకూ జ్యోతిషానికీ తాటాకులు వెదికి దాచుకున్న మనవాళ్ళకు ఉక్కు చెయ్యడం రాసిపెట్టవలసిన విద్యగా కనపడలేదు. చేసేవారి చేతికి గంటం రాలేదు, గంటం వున్నవారు కొలిమి దగ్గర కూర్చోలేదు. కత్తిపీట మన ఇంటికి వచ్చింది, చేసినవాడు వాకిట్లోనే నిలబడ్డాడు. చేతి నుంచి చేతికి పోయే విద్య రెండు తరాలు కొనేవాడు లేకపోతే చాలు, పోతుంది.

ఒక హెచ్చరిక. ఇప్పుడు దుకాణాల్లో డమాస్కస్ అని అమ్మే కత్తుల్లో ఎక్కువభాగం రెండు మూడు రకాల ఉక్కు రేకులు పేర్చి, అతికి, మడిచి చేసినవి. అందంగా వుంటాయి, కోస్తాయి కూడా. కాని అది వేరే విద్య. మూసలో కరిగిన ముద్ద చారలు లోపలి నుంచి తేలతాయి.

దాగలి కొనబోయేవారికి ఒక మాట. కొత్తది ఖరీదు, బరువు. పాత రైలుపట్టా అడుగు ముక్క దొరికితే మొద్దు మీద బిగించుకోండి, మొదటి పదేళ్ళకు చాలు. మన శాన్ రామన్‌కు 1891లో వచ్చిన సదరన్ పసిఫిక్ రైలు దారి మీద ఇప్పుడు పట్టాలు లేవు, ఐరన్ హార్స్ ట్రెయిల్ పేరుతో మనం సాయంత్రాలు నడుస్తున్నాం. కాబట్టి పట్టాముక్కను ఇనుప సామాన్ల పాత కొట్లలోనే వెదుక్కోవాలి. తయారైన కత్తి ఇంట్లోనే వుండాలి, స్కూలు సంచిలోకి వెళ్ళకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

పెద్దలకు మనవి. దాగలిని కొందరు దాకలి అంటారు, పట్టకారుకూ తిత్తికీ జిల్లాకొక పేరు వుంది. మీ ఊళ్ళో కమ్మరి ఏ పనిముట్టును ఏమనేవాడో, ఆయన పేరేమిటో, గుర్తున్నంత వరకు కార్డు ముక్క మీద రాసి పంపండి. వచ్చే సంచికలో జిల్లాలవారీగా వేస్తాం.