తాళం తప్పలేదు, ముహూర్తమే తప్పింది

1972. జర్మనీలో అమెరికా సైన్యం మకాం వేసిన ఊళ్ళలో ఒకచోట ‘షేడీ గ్రోవ్’ అని ఒక కుర్రాళ్ళ బ్యాండ్ ఉండేది. అందులో గిటారు వాయించేవాడు స్టాన్లీ విటేకర్. తండ్రి సైన్యంలో ఉద్యోగి కాబట్టి ఆ దేశం వచ్చినవాడు. ఆ వాయింపు విని ఆగిపోయిన సైనికుడు ఒకడున్నాడు, పేరు రిక్ కెన్నెల్. సొంతూరు ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్, చేతికొచ్చిన వాయిద్యం బేస్ గిటారు. ఇద్దరికీ మాట కలిసింది. అప్పటికి అమెరికాలో పెద్దగా ఎవరికీ పట్టని జెనెసిస్, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ లాంటి ఇంగ్లండు బృందాల మీద ఇద్దరికీ పిచ్చి. ఊరెళ్ళాక మనమూ ఇలాంటిదే ఒకటి పెడదాం అనుకున్నారు.

‘ఇలాంటిది’ అంటే ప్రోగ్రెసివ్ రాక్. పల్లవి, చరణం, పల్లవితో మూడు నిమిషాల్లో ముగిసే రాక్ పాటను తీసుకుని, కచేరీలో రాగం తానం పల్లవిలా పరిచి పాడటం అనుకోండి. నడక మారుతుంది, తాళం మారుతుంది, మధ్యలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమో జాజో వచ్చి పోతుంది. ఇది ప్రధానంగా ఇంగ్లండు సరుకు. అమెరికాలో కాన్సాస్ లాంటి కొందరు దాన్ని స్టేడియాలకు సరిపోయేలా మలుచుకుని బాగుపడ్డారు. మలుచుకోని వాళ్ళ కథ ఇది.

విటేకర్ తిరిగొచ్చి వర్జీనియాలోని హారిసన్‌బర్గ్‌లో మాడిసన్ కాలేజీలో చేరాడు. షెనండోవా లోయలో కొండల మధ్య ఉన్న ఊరు. పెద్ద నగరాల సంగీత వ్యాపారానికి బాగా ఎడం. అక్కడే ఫ్రాంక్ వయట్ దొరికాడు, శాక్సోఫోన్, కీబోర్డు రెండూ వాయించేవాడు. తర్వాత కిట్ వాట్కిన్స్ దొరికాడు, కీబోర్డే లోకంగా బతికేవాడు. కెన్నెల్ తన ఊరి నుంచి డ్రమ్మర్ మైక్ బెక్‌నీ, పాడుతూ వేణువు ఊదే క్లిఫ్ ఫోర్ట్‌నీనీ పంపించాడు. బృందానికి ‘హ్యాపీ ద మ్యాన్’ అని పేరు పెట్టుకున్నారు. 1972లో జెనెసిస్ ఇదే పేరుతో ఒక పాట విడుదల చేసింది కాబట్టి, ఈ భక్తులు అక్కణ్ణుంచే ఎత్తుకొచ్చి ఉంటారని వినేవాళ్ళు అనుకోవడంలో తప్పులేదు.

మొదట్లో వాళ్ళ పాటలూ వీళ్ళ పాటలూ వాయించారు. ఇంతలో ఫోర్ట్‌నీ వెళ్ళిపోయాడు. డాన్ ఓవెన్ అని ఇంకో గాయకుడొచ్చాడు, ఆయనా నిలవలేదు. మామూలుగా గాయకుడు పోతే బ్యాండ్ పనైపోయినట్టే. వీళ్ళు మాత్రం మూడోవాణ్ణి వెతకడం మానేశారు. తప్పదనుకున్న ఒకటి రెండు పాటలు విటేకర్ పాడేవాడు, మిగతాదంతా వాయిద్యాలకే వదిలేశారు. నన్నడిగితే హ్యాపీ ద మ్యాన్ నిజంగా పుట్టింది అప్పుడే. గొంతు ఖాళీ చేసిన చోటును ఏదో ఒకటి నింపాలి కదా. నింపింది వాట్కిన్స్ ముందున్న మినీమూగ్.

ఈ పరికరం గురించి కాస్త ఆగి చెప్పాలి. 1970లో మూగ్ కంపెనీ తెచ్చిన సింథసైజర్ అది. 44 మెట్లు, ఒకసారికి ఒకే స్వరం. రెండు మెట్లు కలిపి నొక్కినా పలికేది ఒక్కటే. హార్మోనియం అలవాటైన వాళ్ళకు ఇదేం వాయిద్యం అనిపిస్తుంది. కానీ దానికి ఎడమవైపు చిన్న చక్రం ఉంటుంది. బొటనవేలితో దాన్ని పైకి తోస్తే స్వరం పైకి పాకుతుంది, కిందికి లాగితే జారుతుంది. వదిలేస్తే దానంతటది వెనక్కి రాదు, స్ప్రింగు లేదు. వేలే వెనక్కి తెచ్చుకోవాలి. వీణలో ఎడమచేయి తీగను మెట్టు మీద లాగి గమకం పలికించినట్టే, ఇక్కడా కుడిచేయి స్వరాన్ని ఎంచుకుంటే ఎడమచేయి దానికి ప్రాణం పోస్తుంది. వాట్కిన్స్ ఆ చక్రం మీద అందెవేసిన చేయి. ఆయన సోలో వింటే మీట నొక్కిన చప్పుడులా ఉండదు, ఎవరో ఊపిరి తీసుకుని పాడుతున్నట్టుంటుంది. అందుకే వీళ్ళ ఆల్బంలలో గాయకుడు లేని లోటు తెలియదు.

తాళాల సంగతీ అంతే. ఏడు, పదకొండు లాంటి బేసి లెక్కలు వీళ్ళకు మంచినీళ్ళ ప్రాయం. మిశ్రచాపు అలవాటైన చెవికి ఏడు కొత్తేం కాదు. కానీ ఒక వరుసలో ఏడు పెట్టి తర్వాతి వరుసలో ఇంకోటి పెడితే? వేళ్ళు ముడిచి లెక్కపెట్టబోయి రెండుసార్లు ఓడిపోయాను, మూడోసారి లెక్క మానేసి విన్నాను. అప్పుడు బాగుంది.

1975లో వాషింగ్టన్ పక్కకు మారారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం రేడియో స్టేషన్ వీళ్ళను పట్టించుకుంది, ఊళ్ళో పేరొచ్చింది. 1976 వేసవిలో గుమ్మంలోకి సాక్షాత్తూ పీటర్ గాబ్రియెల్ వచ్చాడు. జెనెసిస్ నుంచి బయటికొచ్చి, సొంతంగా పాడేందుకు వెనక వాయించేవాళ్ళ కోసం వెతుకుతున్నాడు. నాలుగేళ్ళ కింద ఎవరి పాటలు విని మురిసిపోయారో ఆ మనిషే ఎదురుగా కూర్చుని వీళ్ళతో కలిసి వాయించాడు. పొత్తు కుదరలేదు. కానీ గాబ్రియెల్ వచ్చి విన్నాడట అన్న కబురు రికార్డు కంపెనీల దాకా పాకింది. క్లైవ్ డేవిస్ నడిపే అరిస్టా కంపెనీ ఒప్పందం రాసుకుంది. బారీ మానిలో ప్రేమపాటలతో కిటకిటలాడే దుకాణంలో వీళ్ళకూ ఒక అర దొరికిందన్నమాట.

రికార్డు చేసింది కెన్ స్కాట్. బీటిల్స్ దగ్గర ఇంజనీరుగా పనిచేసి, డేవిడ్ బోవీ, సూపర్‌ట్రాంప్ ఆల్బంలకు నిర్మాతగా ఉన్నవాడు. మన తాళాలను రాక్‌లోకి తెచ్చిన మహావిష్ణు ఆర్కెస్ట్రాకూ పనిచేశాడు కాబట్టి బేసి లెక్కలకు బెదిరే మనిషి కాదు. హాలీవుడ్‌లో ఒకప్పుడు చార్లీ చాప్లిన్ కట్టుకున్న సినిమా స్టూడియో అప్పటికి ఎ అండ్ ఎమ్ స్టూడియోగా మారింది. అక్కడే పని. 1977లో బృందం పేరుతోనే మొదటి ఆల్బం వచ్చింది. పాటల పేర్లు చూడండి: ‘నీ బిటెన్ నింఫ్స్ ఇన్ లింబో’. మోకాళ్ళు కొరికించుకున్న వనదేవతలు త్రిశంకు స్వర్గంలో ఉన్నారట! రేడియోవాడు ఈ పేరు చదివి వినిపించాలంటే ముందు తనే నవ్వాపుకోవాలి.

అసలు ఇబ్బంది పేర్లతో కాదు. 1977 అంటే మూడు కార్డ్‌ల మోతతో పంక్ విరుచుకుపడ్డ ఏడు. ఏడాది చివర్లో ‘సాటర్డే నైట్ ఫీవర్’ వచ్చి దేశాన్ని డిస్కోలో ముంచింది. ఇంగ్లండులోనే ప్రోగ్రెసివ్ రాక్‌ను పాతసామాను కింద చూస్తున్న రోజుల్లో ఈ లోయ కుర్రాళ్ళు కొత్తగా కొట్టు తెరిచారు. నాలుగేళ్ళు ముందు తెరిచి ఉంటే బేరం వేరేగా ఉండేదేమో.

1978లో రెండో ఆల్బం ‘క్రాఫ్టీ హ్యాండ్స్’. మళ్ళీ కెన్ స్కాటే. మైక్ బెక్ బదులు రాన్ రిడిల్ డ్రమ్స్ వాయించాడు. మొదటిదానికన్నా బిగువైన రచన, నా ఓటు దీనికే. అమ్మకాలు మాత్రం కంపెనీకి ఆనలేదు, ఒప్పందం తెగింది. 1979లో కోకో రూసెల్ అనే ఫ్రెంచి డ్రమ్మర్‌తో మూడో ఆల్బంకు సరిపడా రికార్డు చేసుకున్నారు. తీసుకునే కంపెనీ దొరకలేదు. బృందం విడిపోయింది. వాట్కిన్స్ ఇంగ్లండు బృందం కేమెల్‌లో చేరి ఆ ఏడాదే వాళ్ళ ఆల్బంలో వాయించాడు. మూలపడ్డ టేపులను 1983లో తన సొంత లేబుల్ మీద తనే విడుదల చేశాడు. దానికి పెట్టిన పేరు ‘బెటర్ లేట్...’. ఆలస్యమైతేనేం అని సామెతలో సగం చెప్పి, మిగతా సగాన్ని మూడు చుక్కల్లో వదిలేశారు.

సీడీల కాలంలో పాత టేపులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. హారిసన్‌బర్గ్ నాటివి ‘బిగినింగ్స్’ పేరుతో 1990లో వచ్చాయి. విన్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. 2000లో పెన్సిల్వేనియాలో జరిగిన నియర్‌ఫెస్ట్ ప్రోగ్రెసివ్ రాక్ ఉత్సవానికి పిలుపొస్తే మళ్ళీ కలిశారు. వాట్కిన్స్ రాలేదు, ఆయన చోట డేవిడ్ రోసెంతాల్ కూర్చున్నాడు. 2004లో ‘ద మ్యూజ్ అవేకెన్స్’ వచ్చింది. క్రాఫ్టీ హ్యాండ్స్ తర్వాత మరుగున పడకుండా నేరుగా జనంలోకి వచ్చిన వీళ్ళ కొత్త ఆల్బం అదే. మధ్యలో 26 ఏళ్ళు.