చిలికా ఒడ్డున రైలు దారి: కరువు నుంచి కనువిందు వరకు

ప్రవేశిక

పలాసలో ఉదయం ప్యాసింజరు రైలెక్కి ఖుర్దా రోడ్డు వైపు సాగే ప్రయాణికునికి ఒక్క పగటిలోనే కొండలూ, ఉప్పుమడులూ, చిలికా సరస్సూ కనిపిస్తాయి. ఈ మార్గాన్ని గూర్చిన రచనలు సాధారణంగా ప్రకృతి వర్ణనతో ముగుస్తాయి. ఆ దృశ్యం ఏ చారిత్రక కారణాల వల్ల ప్రయాణికుని కిటికీ ముందుకు వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఈ దారి విహారం కోసం వేసినది కాదు. కరువు నేర్పిన పాఠం దీని పుట్టుకలో ఉంది. అదే దారి తెలుగువారి రాకపోకలను క్రమంగా సముద్రం నుంచి నేలవైపు మళ్ళించింది.

రైలుకు పూర్వం

ఈ తీరమార్గానికి తెలుగులో లభించే విలువైన సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరిన ఆయన పదిహేను నెలలకు పైగా ప్రయాణించి 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం మీదుగా వచ్చాడు. అది పల్లకీలతో, బోయీలతో, పెద్ద పరివారంతో సాగిన యాత్ర. ఆయన గ్రంథానికి ప్రమాణం మజిలీ. దారి స్థితి, నీటి వసతి, సత్రం, దొరికే సరుకులు అందులో ప్రధానంగా నమోదయ్యాయి. నాటి బాటసారికి తీరం ముందుగా దాటవలసిన నదుల వరుస. అందచందాల ఊసు ఆ తరువాతిది.

కరువూ రైలు దారీ

1866లో ఒరిస్సాను పీడించిన మహాక్షామంలో సుమారు పది లక్షల మంది మరణించారని అంచనా. గంజాం జిల్లా కూడా ఆ క్షామానికి గురైంది. ప్రభుత్వం ఆలస్యంగా తెప్పించిన బియ్యం ఓడలలో తీరానికి వచ్చినా, నైరుతి ఋతుపవనాల వేళ దానిని దించి లోపలి గ్రామాలకు చేర్చడం దుస్సాధ్యమైంది. ఈ తీరంలోని రేవులలో చాలావాటికి సహజమైన ఆశ్రయం లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే సరుకును చిన్న పడవలలో ఒడ్డుకు చేర్చాలి. కడలి ఉప్పొంగితే ఆ పనీ ఆగిపోయేది. సముద్రం పక్కనే ఉన్న ప్రజలు సముద్రం మీదుగా వచ్చిన తిండికి నోచుకోలేదు.

1880 నాటి క్షామ సంఘం రైలు మార్గాల విస్తరణను సిఫారసు చేసింది. 1888-89లో గంజాం మరల కరువు పాలయింది. ఆ వెనుకనే ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే నిర్మాణం మొదలై, 1893-1896 మధ్య బెజవాడ, కటకాల నడుమ దారి దశలవారీగా తెరుచుకుంది. గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900లో వినియోగంలోకి వచ్చింది. 1900 తరువాతి తొలి ఏళ్ళలోనే వాల్తేరుకు దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు చేరాయి.

అయితే రైలును కేవలం అన్నదాతగా చూడడం సరికాదు. ధాన్యాన్ని తెచ్చే బండి ఎక్కువ ధర పలికే చోటికి ధాన్యాన్ని తరలించగలదు కూడా. నీటిపారుదలను వెనుకకు నెట్టి రైళ్ళపై ధనం వెచ్చించడాన్ని రమేశ్‌చంద్ర దత్తు వంటి ఆర్థిక చరిత్రకారులు ఆనాడే విమర్శించారు.

సముద్రం కనిపించని తీర రైలు

పేరుకు తీర మార్గమైనా, ఆంధ్ర భాగంలో ఈ రైలు నుంచి సముద్రం కనిపించడం అరుదు. డెల్టాల కాలువలను, నదీముఖాల వెడల్పును తప్పించుకోవాలంటే దారి లోపలికి జరగాలి. అందుకే కృష్ణను బెజవాడ వద్ద, గోదావరిని రాజమహేంద్రవరం వద్ద, డెల్టాలకు ఎగువనే దాటుతుంది. ఈ ఎంపిక ఫలితం రేవుల మీద పడింది. కాకినాడకు, మచిలీపట్నానికి శాఖా మార్గాలు లభించాయి. కళింగపట్నం, భీమునిపట్నం రైలుకు దూరంగా మిగిలాయి. ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు. బర్మాకు వలసవెళ్ళే కూలీలను గోపాలపురం మొదలైన రేవుల నుంచి పొగఓడలు రెండవ ప్రపంచయుద్ధం వరకు మోస్తూనే ఉన్నాయి. కాని 1933లో రైలుతో అనుసంధానమైన విశాఖ ఓడరేవు తెరవడంతో చిన్న రేవుల భవిష్యత్తు దాదాపు తేలిపోయింది.

ఒక పగటి ప్రయాణం

ఈ నేపథ్యంతో పలాస నుంచి ఉత్తరంగా సాగితే స్టేషన్ల వరుస చరిత్రగా పలుకుతుంది. మందస రోడ్డు, సోంపేట, ఇచ్ఛాపురం దాటితే బరంపురం. దారి వేసిన నాటికి ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లా రెండుగా చీలింది. నేటి ప్రయాణికుడు గమనించకుండానే దాటే ఆ సరిహద్దు తెలుగు, ఒడియా భాషీయుల సుదీర్ఘ వివాదాలకు ఫలితం.

ఛత్రపురం తరువాత ఋషికుల్య, ఆపై గంజాం, హుమ్మ పరిసరాల ఉప్పుమడులు. రంభ సమీపిస్తుండగా కుడివైపు చిలికా తెరుచుకుంటుంది. రంభ, ఖల్లికోట, బాలుగావ్‌ల మధ్య తూర్పు కనుమల పాదాలు సరస్సు దగ్గరకు జరిగి సన్నని నేలపట్టీని మాత్రమే మిగిల్చాయి. బాటకైనా రైలుకైనా చోటు అక్కడే. తీరం పొడవునా సముద్రాన్ని తప్పించుకుంటూ వచ్చిన దారి ఇక్కడ నీటి అంచుకు చేరడానికి కారణం కొండలే. వేసవిలో సుమారు 900, వర్షాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరించే ఈ ఉప్పునీటి సరస్సు 1981లో రాంసర్ ఒడంబడిక జాబితాలో చేరింది. శీతకాలంలో వలసపక్షులకు ఇది విడిది.

ప్రతి స్టేషనులో ఆగే ప్యాసింజరు బండి వీరాస్వామయ్య మజిలీకి దూరపు బంధువు. చేపల గంపలతో ఎక్కేవారూ, పక్క ఊరి సంతకు పోయేవారూ దానిలో సహయాత్రికులు. వారికి కిటికీ అవతలిది దృశ్యం కాదు, జీవనాధారం. వేగంగా పోయే బండి నుంచి సరస్సు కనబడుతుంది కాని, దాని మీద బతికే మనుషులు పక్కన కూర్చోరు.

ముగింపు

ఆకలి తీరానికి రైలును రప్పించింది. ఇంజనీర్లు సముద్రాన్ని తప్పించారు. కొండలు బండిని చిలికా ఒడ్డుకు నెట్టాయి. మనం కనువిందు అంటున్నది ఈ మూడింటి అనుకోని ఫలం. కాబట్టి తెలుగు యాత్రాసాహిత్యాన్ని పరిశీలించేవారు వర్ణించిన దృశ్యంతో పాటు ప్రయాణ సాధనాన్ని, ఆ దారి పుట్టుకను కూడా పాఠంలో భాగంగా చదవడం అవసరం. రైలుకు ముందటి, తరువాతి యాత్రారచనలను ఈ తీరం మేరకు పక్కపక్కన ఉంచి చదివితే, మజిలీ స్థానంలో కిటికీ ఎప్పుడు, ఎలా వచ్చిందో స్పష్టమవుతుంది.